భూమి కొలతలు – 5వ పాఠం: సర్వేయరు తేల్చేది, తేల్చనిది

ఈసారి నేరుగా మండల సర్వేయరు విధులతో మొదలుపెట్టాలి. అయితే గత పాఠంలో పటం అంకెల నుంచి చేను విస్తీర్ణం కట్టమన్న లెక్కకు చాలామంది 53 సెంట్లని జవాబు పంపారు. సరైన జవాబు 28. ముందు అది చూద్దాం.

ఎఫ్ఎంబి (పొలం కొలతల పుస్తకం) పటంలో జి-లైను, అంటే చేను లోపల ఒక మూల నుంచి ఇంకో మూలకు గీసిన కొలత గీత, వెంట వేసిన 100, 250, 400 అంకెలు లైను మొదటి నుంచి లింకుల్లో (లింకు అంటే కొలత గొలుసులో నూరో వంతు) దూరాలు. ఒక్కో ముక్క పొడవు కావు. 100 దగ్గర ఆఫ్‌సెట్ (లైను నుంచి హద్దు మూలకు లంబంగా ఉన్న దూరం) 80, 250 దగ్గర 120, 400 దగ్గర లైను ముగుస్తుంది. మొదటి త్రిభుజం 100×80÷2, అంటే 4,000. నడిమి ముక్క పొడవు 150, ఆఫ్‌సెట్ల సగటు 100, కాబట్టి 15,000. చివరి త్రిభుజం 150×120÷2, అంటే 9,000. మొత్తం 28,000 చదరపు లింకులు. వెయ్యికి ఒక సెంటు. పాత పటాలకు నేను మీటర్ల జోలికే వెళ్లను, ఇదే దగ్గరి దారి.

సర్వేయరు ఈ అంకెలనే నేల మీద పరుస్తారు. అర్జీ, పక్క రైతులకు నోటీసు, అందరి ముందూ కొలత, హద్దు రాళ్లు, నివేదిక. ఈ వరుస మీకు తెలిసిందే.

తెలియనిది ఒకటుంది, దాని వల్లే ఊళ్లలో ఏళ్ల తరబడి తగాదాలు నడుస్తున్నాయి. భూమి ఎవరిదో సర్వేయరు చెప్పరు. అన్నదమ్ముల పంపకం చెల్లుతుందా అంటే చెప్పరు. దస్తావేజులో రెండెకరాలుండి నేల మీద ఎకరం తొంభై సెంట్లే తేలితే, ఆ పది సెంట్లు పక్క చేనులోంచి తీసి ఇవ్వరు. పక్కవారు గట్టు జరిపారని తేలినా, వారిని ఖాళీ చేయించరు. గీత ఎక్కడుందో చూపి, అది కాగితం మీద పెడతారు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద సర్వే జరిగేటప్పుడు హద్దు వివాదంపై సర్వే అధికారి నిర్ణయం ఇవ్వవచ్చు, దానిపై అప్పీలూ ఉంది. యాజమాన్యం మాత్రం సివిల్ కోర్టు తేల్చాలి. కొలతకు వచ్చిన మనిషిని తీర్పు చెప్పమని నిలదీయడం అన్యాయం. ఆయన చెప్పినా అది చెల్లదు.

అభ్యాసం: జి-లైను 600 లింకులు. ఎడమ ఆఫ్‌సెట్లు 150 దగ్గర 90, 400 దగ్గర 140. కుడివైపు 200 దగ్గర 100, 500 దగ్గర 60. దస్తావేజులో 90 సెంట్లుంది. విస్తీర్ణం కట్టి, తేడా చూపుతూ సర్వేయరుకు అర్జీ రాయండి. ఆయన పరిధిలో లేని కోరిక అందులో ఒక్కటీ ఉండకూడదు.