టై రాడ్ ఎండ్ బూట్ మార్చే ముందు జాగ్రత్తలు

టై రాడ్ ఎండ్ అంటే స్టీరింగ్‌ రాడ్‌ను చక్రానికి కలిపే జాయింట్, బూట్ అంటే దాని గ్రీజును కాపాడే రబ్బరు తొడుగు. బూట్ చిరిగితే ముందు చూడాల్సింది బూట్‌ని కాదు, జాయింట్‌ని. చక్రం పైకి లేపి రెండు పక్కలా పట్టుకుని ఆడించండి. టక్‌టక్‌మని లూజు తెలిస్తే బూట్ మార్చి లాభం లేదు, జాయింటే మార్చాలి. చిరుగులోంచి కాస్త గ్రీజు తీసి వేళ్ల మధ్య నలపండి. ఇసుకలా గరగరలాడినా, తుప్పు రంగులో ఉన్నా అదే మాట.

- బండి సమతలంగా, గట్టి నేల మీద ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టొద్దు, స్టాండు తప్పనిసరి.
- కొత్త బూట్ కొలతలు పాతదానితో సరిచూసుకోండి. కొత్త స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డుగా పెట్టే పిన్ను) కూడా దగ్గర పెట్టుకోండి, పాతది మళ్లీ వాడకూడదు.
- జాయింట్ ఊడదీయడానికి పుల్లర్ (జాయింట్‌ను నొక్కి విడదీసే పనిముట్టు) వాడండి. సుత్తితో బోల్టు కొన మీద కొడితే మరలు చెడతాయి, నట్టు మళ్లీ ఎక్కదు. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు ఉంచితే జాయింట్ ఒక్కసారిగా ఎగిరిపడదు.
- రాడ్ మీది లాక్ నట్‌ను కదిలించొద్దు. కదిలిందా, వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాల్సిందే.
- కళ్లకు రక్షణ అద్దాలు మర్చిపోవద్దు, తుప్పు రాలేది మొహం మీదే.
- నట్టు ఎంత బిగించాలో మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి.