బుగ్గలో కణం, బొమ్మలో కణం

తొమ్మిదో తరగతి పిల్లలను జంతుకణం బొమ్మ గీయమనండి. నలభై మందిలో నలభై మందీ ఉడికిన కోడిగుడ్డును నిలువుగా కోసినట్టు గీస్తారు. మధ్యలో సొన, చుట్టూ నాలుగు చిక్కుడు గింజలు. భీమవరం దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పందొమ్మిదేళ్లుగా జీవశాస్త్రం చెప్తూ ఈ గుడ్లు దిద్దీ దిద్దీ విసుగెత్తి, పాఠాన్ని బొమ్మతో మొదలుపెట్టడం మానేశాను. ముందు వాళ్ల బుగ్గలోని కణాన్ని వాళ్లకే చూపిస్తాను. మైక్రోస్కోప్ దొరికితే ఇంట్లోనూ ఇలాగే చేయొచ్చు.

కావలసినవి గాజు స్లైడ్, కవర్ స్లిప్, టూత్‌పిక్, డ్రాపర్, ఉప్పునీళ్లు, మిథిలీన్ బ్లూ. ఈ నీలిరంగు ల్యాబ్ సామాన్ల షాపులో దొరుకుతుంది. లేకపోతే అక్వేరియం చేపలు అమ్మేవాళ్ల దగ్గర అడగండి, చేపలకు మందుగా వాడతారు. ఉప్పునీళ్లకు లెక్క ఉంది, లీటరుకు 9 గ్రాములు. కణం చుట్టూ ఉండే పొర, అంటే కణత్వచం, నీటిని సులువుగా రానిస్తుంది. వట్టి నీళ్లలో వేస్తే నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది. ఎర్ర రక్తకణమైతే పగిలిపోతుంది కూడా.

ముందు నోరు బాగా పుక్కిలించాలి. ఇడ్లీ తిని నేరుగా వచ్చిన పిల్లాడి స్లైడ్‌లో కణాల కంటే పిండి రేణువులే ఎక్కువ కనిపిస్తాయి. టూత్‌పిక్ మొద్దు వైపుతో బుగ్గ లోపల నాలుగుసార్లు మెల్లగా గీరండి. రక్తం రావాల్సిన పనిలేదు, ఎలాగూ రాలిపోయే పైపొర కణాలే చాలు. ఎవరి బుగ్గకు వాళ్ల పుల్లే. వాడాక బ్లీచింగ్ నీళ్లలో పడేయాలి.

స్లైడ్ మీద ఒక చుక్క ఉప్పునీరు వేసి, పుల్లకు అంటినదాన్ని అందులో కలపండి. చిన్న చుక్క నీలిరంగు వేసి రెండు నిమిషాలు ఆగండి. కవర్ స్లిప్‌ను ధబీమని పడేయకండి. ఒక అంచు ముందు ఆనించి, సూదితో పట్టుకుని మెల్లగా వాల్చాలి. ఎందుకంటారా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ల పాటు గాలి బుడగలను చూపించి కణాలని చెప్పాను. గుండ్రంగా, నల్లటి అంచుతో ఎంత చక్కగా ఉంటాయో! పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి కాబట్టి నాకూ అనుమానం రాలేదు. చక్కగా గుండ్రంగా కనిపించిందంటే అది చాలావరకు బుడగే.

ముందు 10 ఎక్స్ కటకంతో వెతికి, దొరికాక 45కి మార్చండి. కనిపించేది గుడ్డు కాదు. అంచు మడతపడిన అట్టు ముక్కలా, లేత నీలంగా, వంకరటింకరగా ఉంటుంది. దాని మధ్యలో ముదురు నీలం చుక్క, అదే కేంద్రకం. డీఎన్ఏ రంగును బాగా పట్టుకుంటుంది కాబట్టి అక్కడ ముదురు. 46 క్రోమోజోముల్లోని డీఎన్ఏను సాగదీసి వరసగా పేరిస్తే దాదాపు 2 మీటర్లు, అదంతా ఆ చుక్కలోనే. మిగతా లేత నీలం కణద్రవ్యం. అంచు కనిపిస్తుంది గానీ కణత్వచం నిజంగా కనిపించినట్టు కాదు. దాని మందం 10 నానోమీటర్ల లోపే, మన మైక్రోస్కోప్‌కు అందదు.

ప్రతి ఏడూ ఎవరో ఒకరు కణం మీది సన్న చుక్కలకు బాణం గీసి ‘మైటోకాండ్రియా’ అని రాస్తారు. అవి చాలావరకు నోటిలోని బ్యాక్టీరియా! ఈ మాట చెప్పిన రోజు క్లాసంతా నోరు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పరుగు.

కాబట్టి చూసి గీసే బొమ్మలో మూడే పేర్లు ఉండాలి: అంచు, కణద్రవ్యం, కేంద్రకం. మిగతా భాగాలను ఇంకో బొమ్మలో గీయించండి. వాటిని బట్టీ పట్టించకుండా, ఒక వస్తువు తయారై బయటికి వెళ్లే దారిలో చూపిస్తే బాగా ఎక్కుతాయి. నేను ఇన్సులిన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను, షుగర్ లేని ఇల్లు మా ఊళ్లో అరుదు కాబట్టి.

క్లోమంలోని బీటా కణాన్ని ఊహించుకోండి. ఇన్సులిన్ తయారీ విధానం కేంద్రకంలోని డీఎన్ఏలో ఉంటుంది. అసలు పుస్తకం బయటికి రాదు, ఆర్‌ఎన్‌ఏ అనే నకలు వస్తుంది. రైబోజోము ఆ నకలు చదువుతూ 110 అమైనో ఆమ్లాలను దారంలా గుచ్చుతుంది. ఆ దారం గరుకు అంతర్జీవ ద్రవ్యజాలంలోకి, అంటే కణం లోపలి పొరల వలలోకి, దిగుతూ ఉండగానే ముందు 24 తెగిపోతాయి, అవి దారి చూపే చీటీ లాంటివి. మిగిలిన 86 అక్కడే మడతపడతాయి. తర్వాత గాల్జీ సంక్లిష్టం దాన్ని సంచుల్లో పెడుతుంది. ఆ సంచుల్లో మధ్య ముక్క కూడా తెగాక మిగిలే 51 అమైనో ఆమ్లాలే ఇన్సులిన్. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు సంచి కణత్వచంతో కలిసిపోయి సరుకును బయటికి వదులుతుంది. నునుపు ద్రవ్యజాలం పని వేరు. కాలేయ కణాల్లో అది మందుల్ని, విషాల్ని విరగ్గొడుతుంది.

ఇంత పనికీ శక్తి కావాలి. మైటోకాండ్రియా దగ్గర మా పిల్లలకు కాస్త గర్వంగా చెప్తాను. అవి తయారుచేసే ఏటీపీని, అంటే కణం పనులకు శక్తినిచ్చే పదార్థాన్ని, 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలోనే పుట్టాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. ఎక్కడ పని ఎక్కువో అక్కడ మైటోకాండ్రియా ఎక్కువ, గుండె కండరంలో కిక్కిరిసి ఉంటాయి. పరిపక్వ ఎర్ర రక్తకణంలో అవీ ఉండవు, కేంద్రకమూ ఉండదు. ఆక్సిజన్ మోసేందుకు చోటు వదిలి, సుమారు 120 రోజులు బతుకుతుంది.

లైసోజోములను ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ అని రాసి ఊరుకోవడం నాకు నచ్చదు. అవి రోజూ చేసేది పాత సామాను విరగ్గొట్టి పనికొచ్చే ముక్కలు తిరిగివ్వడం. తెల్లరక్తకణం మింగిన బ్యాక్టీరియాను అరిగించేదీ అవే. ఒక్క ఎంజైమ్ లోపిస్తే చెత్త పేరుకుపోతుంది, గాషే వ్యాధి అలాంటిదే.

పిల్లలు అలవాటుగా కణకవచమో (కణత్వచం బయట ఉండే గట్టి గోడ), హరితరేణువో గీస్తే కొట్టేయండి. అవి మొక్కలవి, పక్క స్లైడ్ మీద ఉల్లిపొర పెడితే కవచం తేడా కళ్లకే తెలుస్తుంది. ఉల్లిపొరలో హరితరేణువు కోసం మాత్రం వెతకొద్దు, ఉండదు.

చివరగా, పిల్లలకు పాత చొక్కా వేసి కూర్చోబెట్టండి. మిథిలీన్ బ్లూ వేళ్ల మీద నుంచి కొన్నాళ్లకు పోతుంది, తెల్ల యూనిఫాం మీద పడితే వాళ్లమ్మ స్కూలుకు వస్తుంది.