చిప్ కార్డు: లోపల జరిగే పని, మనం వాడవలసిన తీరు

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు ప్రయాణిస్తున్నప్పుడు, రాష్ట్ర సరిహద్దు దగ్గర చేతిలోని ఫోను ఒడిశా టవరును వదిలి ఆంధ్ర టవరును అందుకోవడం గజపతి జిల్లావాసులకు నిత్యానుభవమే. కొత్త నెట్‌వర్కులో చేరే ముందు ఫోను తన ఖాతాను రుజువు చేసుకోవలసి వస్తుంది. ఆ రుజువు ఇచ్చేది ఫోను కాదు, అందులోని సిమ్. నెట్‌వర్కు ఒక సంఖ్యను పంపుతుంది. సిమ్ దానిని తనలో దాచుకున్న రహస్య సంఖ్యతో కలిపి లెక్క కట్టి, వచ్చిన జవాబును మాత్రమే తిరిగి పంపుతుంది. రహస్య సంఖ్య బయటికి రాదు. సిమ్ లాగే లోపల చిప్ ఉండే బ్యాంకు కార్డు, మెట్రో కార్డు వంటి స్మార్ట్ కార్డులకు భద్రతనిచ్చేది కూడా ఈ పద్ధతే కనుక, దీనిని గుర్తుంచుకుంటే తక్కిన జాగ్రత్తలకు కారణాలు సులభంగా బోధపడతాయి.

చిప్‌తో పనిచేసే కార్డుకు ఫ్రాన్సు దేశస్థుడు రోలాండ్ మొరెనో 1974లో పేటెంటు కోరగా, 1977లో మిషెల్ ఉగోన్ అందులో లెక్కలు చేయగల మైక్రోప్రాసెసర్‌ను చేర్చాడు. నేటి బ్యాంకు కార్డు 85.60 మిల్లీమీటర్ల పొడవు, 53.98 మిల్లీమీటర్ల వెడల్పు, 0.76 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని ముందువైపు బంగారు రంగులో కనబడే చిన్న పలక నిజానికి చిప్ కాదు; అడుగున అతికి ఉన్న చిప్‌కు విద్యుత్తును, సమాచారాన్ని అందించే లోహపు తలుపు అది. కార్డులో బ్యాటరీ ఉండదు. యంత్రం నుంచి విద్యుత్తు అందినప్పుడే ఆ చిన్న కంప్యూటరు మేల్కొంటుంది, తీయగానే నిద్రపోతుంది. లావాదేవీ ముగియకముందే కార్డు లాగితే పని ఆగిపోవడానికి కారణం ఇదే.

ప్లాస్టిక్‌తో చేసిన ప్రతి కార్డూ స్మార్ట్ కార్డు కాదు. ఆధార్ పీవీసీ కార్డు మీద ఉండేది క్యూఆర్ కోడ్ మాత్రమే, లోపల చిప్ ఉండదు. బయటి దుకాణాలలో ముద్రించి ఇచ్చే పీవీసీ ఆధార్‌ను ఆధార్ ప్రాధికార సంస్థ ప్రోత్సహించడం లేదు కనుక, "స్మార్ట్ ఆధార్" అన్న పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనవసరం లేదు.

ఇక బ్యాంకు కార్డు సంగతి. వెనుకనున్న నల్లటి మాగ్నెటిక్ పట్టీ ఎప్పుడు గీసినా ఒకే సమాచారం చెబుతుంది. దానిని ఒకసారి దొంగిలించినవాడు నకిలీ కార్డు తయారు చేయగలడు. చిప్ అలా కాదు. చెల్లించవలసిన మొత్తాన్ని, తేదీని, అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యను యంత్రం పంపితే, చిప్ వాటిని తన రహస్య సంఖ్యతో కలిపి ఆ ఒక్క లావాదేవీకి మాత్రమే చెల్లే సంకేతాన్ని తయారు చేస్తుంది. బ్యాంకు తన దగ్గర అదే లెక్క వేసి, రెండూ సరిపోలితేనే అంగీకరిస్తుంది. నిన్నటి సంకేతాన్ని ఎవరైనా పట్టుకున్నా ఈరోజు అది పనికిరాదు. మన దేశంలో పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 డిసెంబరు చివరికల్లా మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించినది ఇందుకే.

ఇంత పకడ్బందీగా ఉన్న ఏర్పాటును మనమే వమ్ము చేసే సందర్భం ఒకటి ఉంది. ఏటీఎం తెరపై తెలుగు కనబడక, ఒడియా గానీ ఇంగ్లీషు గానీ చదవలేక, వరుసలో వెనుక నిలబడినవారికి కార్డు ఇచ్చి పిన్ చెప్పేసే పెద్దలను నేను ఎన్నోసార్లు చూశాను. చిప్‌ను నకలు చేయలేని మోసగాడికి అసలు కార్డూ, పిన్నూ రెండూ దొరికితే ఇక నకలుతో పని ఏముంది? అటువంటివాడు డబ్బు తీసిచ్చి, అదే రంగులో ఉన్న వేరొక కార్డును చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. సహాయం తప్పనిసరైతే బ్యాంకు తెరిచి ఉన్న వేళలో వెళ్లి సిబ్బందినే అడగండి. పిన్ మీరే నొక్కండి. తిరిగి తీసుకున్న కార్డు మీద మీ పేరు, చివరి నాలుగు అంకెలు సరిచూసుకోండి.

కార్డు మీద నాలుగు వంపు గీతల గుర్తు ఉంటే దానిని యంత్రానికి తాకించి కూడా చెల్లించవచ్చు. ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని తీగచుట్ట ఉంటుంది; 13.56 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే యంత్రపు అయస్కాంత క్షేత్రం వల్ల అందులో విద్యుత్తు పుట్టి చిప్ పనిచేస్తుంది. కొన్ని సెంటీమీటర్ల దూరం దాటితే అది అందదు. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు ఇలా పిన్ లేకుండా చెల్లించే వీలుంది. అవసరం లేనివారు ఈ సౌకర్యాన్ని బ్యాంకు యాప్‌లో ఆపివేసుకోవచ్చు, పరిమితిని తగ్గించుకోనూవచ్చు.

కార్డు పాడవుతుందన్న భయంతో జిరాక్సు దుకాణంలో లామినేషన్ చేయించకండి. వేడికి చిప్ దెబ్బతినవచ్చు, మందం పెరిగి కార్డు యంత్రంలో దూరదు. తాళాల గుత్తికి తగిలించడానికి కన్నం పెట్టినా తీగచుట్ట తెగే ప్రమాదం ఉంది. పలక మురికిపడితే పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. సిమ్‌కు పిన్ పెట్టుకున్నవారు మూడుసార్లు తప్పు నొక్కితే, ఆగిపోయిన సిమ్‌ను తిరిగి తెరిచే పీయూకే సంఖ్య అవసరమవుతుంది. దానిని పదిసార్లు తప్పు నొక్కితే సిమ్ శాశ్వతంగా పోతుంది.

నెట్‌వర్కు లేని చోట కూడా చిప్ పనికొస్తుందనడానికి 2008లో మొదలైన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన మంచి ఉదాహరణ. పేద కుటుంబంలో ఐదుగురి వరకు ఏడాదికి 30,000 రూపాయల వైద్యం అందించిన ఆ పథకంలో వేలిముద్రలను కార్డులోనే భద్రపరిచారు కనుక, నెట్‌వర్కు లేకపోయినా మనిషిని గుర్తించే వీలుండేది. 2019 మార్చిలో వచ్చిన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు కూడా టికెట్ డబ్బును చిప్‌లోనే ఉంచుకుంటుంది. నగరాలకు వెళ్లి మెట్రో ఎక్కేవారికి అది ఉపయోగమే కానీ, పోగొట్టుకుంటే అందులోని డబ్బు జేబులోని నోటు పోయినట్లే పోతుందని తెలిసి నింపుకోవాలి.

బ్యాంకు కార్డు పోతే ఆ రోజే బ్లాక్ చేయించండి. మోసం జరిగితే బ్యాంకుతోపాటు సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కి కూడా ఫోను చేయండి. మీ తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయినప్పుడు, మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుకు బాధ్యత ఉండదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పిన్ మీరే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మీదే. కొత్త కార్డు వచ్చాక పాతదానిని చెత్తలో వేసే ముందు కత్తిరించండి. అయితే అంచులు కత్తిరిస్తే చాలదు, కత్తెర ఆ బంగారు రంగు పలక మధ్యగా పోవాలి.