మొదటి బ్యాచ్ కోడిపిల్లలు దిగేలోపు: కోళ్ల ఫారం ప్రారంభించడం ఎలా?

కోళ్ల ఫారం పెట్టాలనుకునే వారిలో చాలామంది మొదట షెడ్డు కట్టించి, తర్వాత పిల్లలను తెచ్చి, కోళ్లు ఎదిగాక కొనేవారి కోసం వెతుకుతారు. ఈ వరుసను తలకిందులు చేయాలి. బ్రాయిలర్ కోడి 5 నుంచి 6 వారాల్లో సుమారు 2 కిలోల బరువుకు వస్తుంది. ఆ బరువు వచ్చిన తర్వాత అమ్ముడుపోకుండా షెడ్డులో ఉండిపోయిన ప్రతి రోజూ నష్టమే, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ అది తినే దాణా పెరుగుతుందే తప్ప ఆ దాణాకు తగినంత బరువు పెరగదు. అందువల్ల ఒక్క ఇటుక కొనకముందే కోళ్లను లేదా గుడ్లను ఎవరు కొంటారు, ఎంత బరువున్న కోళ్లు వారికి కావాలి, ఒకేసారి ఎన్ని తీసుకువెళ్లగలరు, డబ్బు ఎన్ని రోజులకు చేతికి వస్తుంది అన్న విషయాలను కనీసం ముగ్గురు నలుగురు వ్యాపారులతో మాట్లాడి కాగితం మీద రాసుకోవాలి.

మాంసానికా, గుడ్లకా?

మాంసం కోసం పెంచే బ్రాయిలర్లు, గుడ్ల కోసం పెంచే లేయర్లు రెండూ కోళ్లే అయినా ఈ రెండూ వేర్వేరు వ్యాపారాలు. బ్రాయిలర్ ఒక్కొక్కటి అమ్మకానికి వచ్చేలోపు 3 నుంచి 3.5 కిలోల దాణా తింటుంది కాబట్టి 1000 కోళ్ల బ్యాచ్‌కు మూడు టన్నులకు పైగా దాణా సిద్ధం చేసుకోవాలి. అయితే పెట్టుబడి నెలన్నరలో తిరిగి వస్తుంది. లేయర్ పెట్ట 18 నుంచి 20 వారాల వయసులో గానీ గుడ్డు పెట్టడం మొదలుపెట్టదు. అంతవరకు దాదాపు ఐదు నెలల పాటు రాబడి లేకుండా దాణా, టీకాలు, కూలి ఖర్చులను భరించగలగాలి. తర్వాత అది రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటూ, మంచి పోషణ ఉంటే 72 వారాల వయసు దాటేవరకు గుడ్లు పెడుతుంది.

కొత్తవారు 500 నుంచి 1000 బ్రాయిలర్లతో మొదలుపెట్టడం మంచిదని నా దృఢమైన అభిప్రాయం. ఒక తప్పు చేస్తే దాని ఫలితం ఆరు వారాల్లో తెలుస్తుంది, తర్వాతి బ్యాచ్‌లో దాన్ని దిద్దుకోవచ్చు. లేయర్లలో పిల్లల దశలో చేసిన తప్పు చాలాసార్లు గుడ్లు తగ్గిన తర్వాతే బయటపడుతుంది, అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మరో మార్గం ఒప్పంద పెంపకం. ఇందులో కంపెనీయే పిల్లలను, దాణాను, మందులను ఇచ్చి, ఎదిగిన కోళ్లను తీసుకువెళ్లి, కిలోకు ఇంత అని పెంపకం కూలి చెల్లిస్తుంది. షెడ్డు, విద్యుత్తు, నీరు, శ్రమ మాత్రం రైతువి. మార్కెట్ ధర పడిపోయినప్పుడు ఇది రక్షణగా నిలుస్తుంది, ధర పెరిగినప్పుడు ఆ లాభం రైతుకు దక్కదు. ఒప్పందంపై సంతకం చేసేముందు పిల్లలు చనిపోతే నష్టం ఎవరిది, దాణా వినియోగం ఎక్కువైతే కూలిలో ఎంత కోత పడుతుంది అన్న రెండు అంశాలను తప్పకుండా చదవాలి.

ఏ మార్గం ఎంచుకున్నా, మొత్తం ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. షెడ్డుకే డబ్బంతా ఖర్చు చేసి, నాలుగో వారంలో దాణా కొనలేక కోళ్లను పస్తు పెట్టే పరిస్థితి రాకూడదు. కనీసం రెండు బ్యాచ్‌ల దాణాకు సరిపడే డబ్బును విడిగా ఉంచుకున్నాకే పునాది తీయాలి.

స్థలం, షెడ్డు

స్థలం ఎత్తుగా ఉండాలి, వాన నీరు నిలవకూడదు, లారీ వచ్చే దారి ఉండాలి. నివాసాలకు, ఇతర కోళ్ల ఫారాలకు, వలస పక్షులు వాలే చెరువులకు దూరంగా ఉండాలి. స్థానిక సంస్థల నుంచి, కాలుష్య నియంత్రణ అధికారుల నుంచి ఏయే అనుమతులు కావాలో ముందే తెలుసుకోవాలి. వీటన్నిటికంటే ముందు చేయవలసింది నీటి పరీక్ష. కోడి తన దాణాకు దాదాపు రెట్టింపు బరువున్న నీటిని తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఉప్పు నీరు లేదా మురుగు కలిసిన నీరు ఉన్న స్థలం ఎంత చవకగా వచ్చినా వదులుకోవడమే మేలు.

వేడి ప్రాంతాల్లో పక్కలు తెరిచి ఉండే షెడ్డును తూర్పు నుంచి పడమరకు పొడవుగా కట్టాలి. అప్పుడు ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ చివరి గోడల మీద పడతాయే తప్ప నేరుగా కోళ్ల మీద పడవు. వెడల్పు 9 మీటర్లు మించితే షెడ్డు మధ్యలో గాలి ఆడదు. పక్క గోడలు అడుగు, అడుగున్నర ఎత్తు చాలు, ఆ పైన పిచ్చుకలు కూడా దూరలేని సన్నటి ఇనుప వల బిగించాలి. పైకప్పు చూరు మీటరు మేర బయటకు వస్తే వాన జల్లు లోపలికి కొట్టదు. నేల సిమెంటుదైతే కడగడం సులభం, ఎలుకలు బొరియలు చేయలేవు. బ్రాయిలర్ ఒక్కొక్కదానికి ఒక చదరపు అడుగు చొప్పున 1000 కోళ్లకు 1000 చదరపు అడుగులు కావాలి. ఎండాకాలం బ్యాచ్‌లో పిల్లల సంఖ్యను తగ్గించి ఇంకొంచెం స్థలం ఇవ్వాలి.

పిల్లలు రాకముందు, వచ్చిన మొదటి వారం

బ్యాచ్ జాతకం ఈ దశలోనే తేలిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల బరువు సుమారు 40 గ్రాములు. దాదాపు రెండు వారాల వయసు వరకు అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి కోడి రెక్కల కింద దొరికే వెచ్చదనాన్ని మనం దీపాలతోనో, గ్యాస్ బ్రూడర్లతోనో ఇవ్వడాన్నే బ్రూడింగ్ అంటారు.

షెడ్డును కడిగి, క్రిమిసంహారకం చల్లి, పూర్తిగా ఆరనిచ్చిన తర్వాత, పొడిగా ఉన్న వరి ఊక లేదా చెక్క పొట్టును రెండు మూడు అంగుళాల మందాన పరవాలి. దీన్నే లిట్టర్ అంటారు. దాని మీద మొదటి రెండు మూడు రోజులు కాగితాలు పరిస్తే పిల్లలు ఊకను దాణా అనుకుని తినవు. 250 నుంచి 300 పిల్లలకు ఒకటి చొప్పున, అడుగున్నర ఎత్తున్న రేకు లేదా అట్టతో గుండ్రటి కంచె కట్టాలి. గుండ్రంగానే ఎందుకంటే, మూలలు ఉంటే భయపడిన పిల్లలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చనిపోతాయి. పిల్లలు వచ్చేందుకు 24 గంటల ముందే బ్రూడర్లు వెలిగించాలి. గాలి వేడెక్కి లిట్టర్ చల్లగా ఉంటే పిల్ల పాదాల నుంచే వణుకు మొదలవుతుంది.

పేరున్న హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రం) నుంచి, మారెక్స్ అనే కోళ్ల వ్యాధికి టీకా వేసిన పిల్లలనే తీసుకోవాలి. పెట్టె తెరవగానే బొడ్డు మూసుకుందా, కళ్లు మెరుస్తున్నాయా, కాళ్లు గట్టిగా ఉన్నాయా అని చూడాలి. ముందుగా గోరువెచ్చని శుభ్రమైన నీరు, ఆ వెంటనే మొదటి దశ దాణా అయిన ప్రీస్టార్టర్ ఇవ్వాలి. కొన్ని పిల్లల ముక్కులను నీటిలో ముంచి తీస్తే మిగతావి వాటిని చూసి నేర్చుకుంటాయి.

మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. థర్మామీటర్ తప్పక వేలాడదీయాలి, కానీ దానికంటే నమ్మదగిన సాక్ష్యం పిల్లలే. దీపం కింద ఒకదానికొకటి అంటుకుని కీచుమంటుంటే వాటికి చలిగా ఉంది. కంచె అంచులకు చేరి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి పక్క నుంచి చల్లగాలి కొడుతోంది. సమంగా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని నిద్రపోతూ ఉంటే అంతా సరిగ్గా ఉంది. ఈ పరిశీలన పగలు చేస్తే సరిపోదు. చలి ఎక్కువగా ఉండే తెల్లవారుజామున, మనకు నిద్ర ముంచుకొచ్చే వేళలోనే పిల్లలు గుంపుగా చేరి నలిగిపోతాయి. ఆ వారం రోజులు షెడ్డు పక్కనే మంచం వేసుకుని పడుకోవడం అతిజాగ్రత్త ఏమాత్రం కాదు.

పిల్లలు వచ్చిన మరునాడు కొన్నింటిని చేతిలోకి తీసుకుని మెడ కింది మేత సంచిని వేలితో తాకి చూడాలి. నూటికి 95 పిల్లల్లో అది నిండుగా, మెత్తగా ఉండాలి. ఖాళీగా ఉన్నవి ఎక్కువైతే వేడిలోనో, వెలుతురులోనో, నీటి అమరికలోనో లోపం ఉన్నట్టు. ఏడో రోజున తూకం వేస్తే మొదటి బరువుకు నాలుగు రెట్లు, అంటే 160 గ్రాములు దాటాలి.

దాణా, నీరు, లిట్టర్

బ్రాయిలర్లకు ప్రీస్టార్టర్, స్టార్టర్, ఫినిషర్ అని మూడు దశల దాణా ఉంటుంది. మొదట్లో 22 శాతానికి దగ్గరగా ఉండే మాంసకృత్తులు చివరి దశకు వచ్చేసరికి తగ్గుతాయి. కొత్తవారు దాణాను సొంతంగా కలపకుండా తయారు దాణానే కొనడం మంచిది. బస్తాలను నేల మీద, గోడకు ఆనించి పెట్టకూడదు. చెమ్మ తగిలిన మొక్కజొన్నలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీసి, వేసిన టీకాలు కూడా సరిగా పనిచేయకుండా చేస్తుంది.

తొట్టెల అంచు కోడి వీపు ఎత్తులో ఉండేలా వారం వారం పైకి జరపాలి, లేకపోతే దాణా, నీరు లిట్టర్‌లో పడతాయి. తడిసిన లిట్టర్‌లోనే రక్త విరేచనాలు కలిగించే కాక్సిడియోసిస్ వ్యాపిస్తుంది, అమ్మోనియా పుడుతుంది. లిట్టర్‌ను గుప్పిట్లో నొక్కి వదిలినప్పుడు ముద్దగానే ఉండిపోతే తేమ ఎక్కువైనట్టు, కొద్దిగా అంటుకుని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. రోజంతా షెడ్డులో పనిచేసేవారి ముక్కు అమ్మోనియాకు అలవాటు పడిపోతుంది కాబట్టి, బయటి నుంచి లోపలికి అడుగుపెట్టిన మొదటి క్షణంలో కళ్లు మండుతున్నాయా అన్నది గమనించి వెంటనే షెడ్డు పక్కల పరదాలు తెరిచి గాలి ఆడేలా చేయాలి.

రోగాలు రాకుండా

పశువైద్యుడు ఇచ్చిన టీకాల పట్టికను షెడ్డు గోడకు అంటించుకోవాలి. సాధారణంగా బ్రాయిలర్లకు 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులు టీకా, 12 నుంచి 14 రోజుల మధ్య గంబోరో వ్యాధి టీకా వేసి, మూడు నాలుగు వారాల మధ్య కొక్కెర తెగులుకు మరో మోతాదు ఇస్తారు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే తీసుకురావాలి. తాగే నీటిలో ఇచ్చేటప్పుడు ఆ నీటిలో క్లోరిన్ ఉండకూడదు. ముందు గంట, రెండు గంటలు నీరు ఆపితే దాహంతో అన్నీ తాగుతాయి.

టీకాలు ఎంత ముఖ్యమో గేటు కూడా అంతే ముఖ్యం. రోగం చాలాసార్లు మనుషుల చెప్పులతో, బండి చక్రాలతో, ఇతర ఫారాల నుంచి తెచ్చిన ఖాళీ సంచులతోనే లోపలికి వస్తుంది. షెడ్డు లోపల వేసుకునే చెప్పులు విడిగా ఉండాలి, వాకిట్లో క్రిమిసంహారక ద్రావణం ఉన్న తొట్టె ఉండాలి, ఆ ద్రావణాన్ని రోజూ మార్చాలి. చనిపోయిన కోళ్లను అదే రోజు లోతైన గోతిలో సున్నం వేసి పూడ్చాలి. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చనిపోతే వాటిని అమ్మడం గానీ తరలించడం గానీ చేయకుండా పశువైద్య అధికారులకు వెంటనే తెలియజేయాలి, బర్డ్ ఫ్లూ అయితే మనుషులకూ ప్రమాదం. యాంటీబయాటిక్‌లను వైద్యుడు చెప్పకుండా వాడకూడదు. వాడితే, మందు ఆపాక ఎన్ని రోజులు ఆగి అమ్మాలో ఆ గడువును పాటించాలి, ఎందుకంటే ఆ మాంసం పిల్లలూ తింటారు.

కోళ్లకు చెమట పట్టదు, ఒంటి వేడి తగ్గించుకోవడానికి నోటితో రొప్పడమే వాటికున్న ప్రధాన మార్గం. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం దాణా తీసేసి తెల్లవారుజామున, సాయంత్రం ఇవ్వాలి. చల్లటి నీరు, ఫ్యాన్లు సిద్ధంగా ఉండాలి.

రాసుకోవడం, అమ్మడం

ప్రతిరోజూ చనిపోయిన కోళ్లు, వాడిన దాణా, తాగిన నీరు రాయాలి. నీటి వాడకం హఠాత్తుగా తగ్గితే, కోళ్లలో పైకి ఏ లక్షణమూ కనిపించకపోయినా, రోగం మొదలవుతోందని అనుమానించాలి. వారానికోసారి కొన్ని కోళ్లను తూచాలి. బ్యాచ్ చివర మొత్తం దాణాను మొత్తం బరువుతో భాగిస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు ఎన్ని కిలోల దాణా పట్టిందో తెలిపే అంకె వస్తుంది. ఉదాహరణకు 960 కోళ్లు 1920 కిలోలు తూగి, దాణా 3264 కిలోలు అయితే ఎఫ్‌సీఆర్ 1.7. తర్వాతి బ్యాచ్‌లో ఈ అంకె 1.9 అయితే అదే బరువుకు 384 కిలోల దాణా అదనంగా ఖర్చయినట్టు.

అమ్మే రోజున పట్టుకోవడానికి కొన్ని గంటల ముందు దాణా తీసేసి, నీరు మాత్రం ఉంచాలి. రాత్రి మసక వెలుతురులో పట్టుకుంటే కోళ్లు బెదరవు, రెక్కలు విరగవు. అన్ని కోళ్లూ ఒకేసారి వెళ్లిపోయాక పాత లిట్టర్‌ను షెడ్డుకు దూరంగా తరలించి, కడిగి, క్రిమిసంహారకం చల్లి, కనీసం రెండు వారాలు షెడ్డును ఖాళీగా ఉంచిన తర్వాతే కొత్త పిల్లలకు ఆర్డర్ తేదీ ఇవ్వాలి.