బాక్స్ జంప్‌లకు (పెట్టె మీదికి ఎగిరే వ్యాయామానికి) ముందు: వాలీబాల్ అమ్మాయిల విషయంలో జాగ్రత్తలు

- ముందు దిగడం నేర్పండి, ఎగరడం తర్వాత. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా పాదాల దిశలోనే వంగాలి. ఎదిగే వయసు అమ్మాయిల్లో ఈ లోపం ఎక్కువ. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తరచూ ఇలాంటప్పుడే తెగుతుంది. ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీసి చూడండి. పాదాల చప్పుడు గట్టిగా వస్తే చీలమండ, మోకాలు, తుంటి సరిగా వంగడం లేదన్నమాటే.
- కాంక్రీటు నేల వద్దు. చెక్క కోర్టు, గడ్డి మేలు.
- వార్మప్ 10 నిమిషాలు.
- బాక్సు 20–30 సెం.మీ. ఎత్తు చాలు. (పెంచాలన్న తొందర సాధారణంగా కోచ్‌లదే!)
- కొత్తవాళ్లకు సెషన్‌కు 80–100 జంప్‌లు మించొద్దు. ఆ రోజు ఆటలో స్పైక్‌లు, బ్లాక్‌ల కోసం ఎగిరినవీ లెక్కలోకే.
- వారానికి రెండుసార్లే, మధ్యలో కనీసం 48 గంటల విరామం.
- మోకాలిచిప్ప కింద నొప్పి ఉందంటే ఆ రోజు జంప్‌లు లేవు.