రిపోర్టులో బోల్డ్ అంకె చూసి భయపడే ముందు

మొన్న తిరుపతిలో అమ్మ రక్తపరీక్ష రిపోర్టులో ఒక అంకె నార్మల్ రేంజ్ దాటి బోల్డ్‌లో కనిపించేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్. పక్కనుండే నార్మల్ రేంజ్‌ని సాధారణంగా ఆరోగ్యవంతుల్లో మధ్యలోని 95 శాతం మంది అంకెలను బట్టి పెడతారు. అంటే ఏ జబ్బూ లేని 20 మందిలో ఒకరు ఎలాగూ ఆ గీత దాటుతారు. షుగర్, కొలెస్ట్రాల్ హద్దులు వేరు, అవి ముప్పును బట్టి పెట్టినవి.

అందుకే మన పాత అంకెలతో పోల్చి చూసుకోవాలి; పాత రిపోర్టులు పారేయకండి, వీలైతే ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. నాన్నగారి హిమోగ్లోబిన్ ఏళ్లుగా 16 ఉండి ఇప్పుడు 13.5కి దిగిందనుకోండి, రేంజ్‌లోనే ఉన్నా డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇంకోటి, అలిపిరి మెట్లెక్కి వచ్చిన మర్నాడే పరీక్షకు రక్తం ఇవ్వకండి. కండరాల శ్రమకే ఎస్‌జీఓటీ (లివర్ పరీక్షలో చూసే ఎంజైమ్, కండరాల్లోనూ ఉంటుంది) పెరిగి, లివర్ పాడైందేమోనన్న భయం పట్టుకుంటుంది.