రాత్రి నిద్ర పట్టాలంటే కాఫీ, భోజనం ఏ వేళకు ముగించాలి?

తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల రాత్రి ఎంత పొద్దుపోయినా టీ దొరుకుతుంది. యాత్రికులు వచ్చిపోయే ఊరికి అది అవసరమే. అయితే ఇక్కడ కాపురం ఉండేవాళ్ల పొయ్యి కూడా మెల్లగా ఆ వేళలకే అలవాటు పడింది. సాయంత్రం ఆరున్నరకు కాఫీ, రాత్రి పదికి సంగటి, పదిన్నరకు పడక. పన్నెండు దాటినా కన్ను మూతపడకపోతే "ఏం తింటే నిద్ర వస్తుంది?" అని అడుగుతారు. నిద్ర తెప్పించే తిండి కోసం వెతికేముందు, నిద్ర చెడగొట్టేవాటి వేళ మార్చండి. ఎక్కువ మందికి ఫలితం కనిపించేది అక్కడే.

1. ముందు పడుకునే వేళ ఖాయం చేసుకోండి

పొద్దున లేవాల్సిన వేళ నుంచి ఏడు, ఎనిమిది గంటలు వెనక్కి లెక్కపెట్టండి. అయిదున్నరకు లేవాలంటే రాత్రి పదికి పడకెక్కాలి. కింద చెప్పే లెక్కలన్నీ ఈ పది గంటల నుంచి వెనక్కి వేసినవే. మీ వేళ వేరైతే అన్నీ ఆ మేరకు జరుపుకోండి. ఆదివారం కూడా అదే వేళ పాటించాలి.

2. కాఫీని మధ్యాహ్నంలోనే ఆపండి

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. మనకు నిద్ర ముంచుకొచ్చేది దానివల్లే. అది కూర్చోవాల్సిన చోట కాఫీలోని కెఫీన్ వచ్చి కూర్చుంటుంది. అలసట అలాగే ఉంటుంది, మెదడుకు మాత్రం తెలియదు.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఒక కప్పు, అంటే 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. సాయంత్రం ఆరుకు 100 మిల్లీగ్రాములు తాగితే, రాత్రి పదకొండుకు ఇంకా 50 మిగిలి ఉంటుంది. పడుకునే ముందు అరకప్పు కాఫీ తాగినట్టే లెక్క. "నేను తాగి కూడా పడుకుంటాను" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నిద్ర పడుతుంది గానీ గాఢనిద్ర తగ్గుతుంది. పొద్దున బడలికగా లేచి, ఇంకో గ్లాసు ఎక్కువ తాగుతారు.

అందుకే చివరి కాఫీకి, పడకకు మధ్య కనీసం 8 గంటలు ఉండాలి. పదికి పడుకుంటే మధ్యాహ్నం రెండుతో సరి. గర్భిణులకు కెఫీన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి వాళ్లు పొద్దున ఒక్కటితో ఆపడం మంచిది. మామూలు వాళ్లకు రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందంటే, మరుసటి రోజు నుంచే తలనొప్పి, చిరాకు మొదలవుతాయి, కొందరికి వారం దాకా ఉంటాయి. చాలామంది మూడోరోజే మళ్లీ మొదలుపెట్టేది ఈ తలనొప్పికి భయపడే. ఇలా చేయండి: మొదటి నాలుగు రోజులు సాయంత్రం గ్లాసును సగం చేయండి. తర్వాతి నాలుగు రోజులు ఆ సగాన్నీ మధ్యాహ్నానికి జరపండి. ఆ తర్వాత మానేయండి. కాఫీపొడి కొట్టించేటప్పుడు అందులో కలిపే చికోరీ వేరు పొడి వంతు పెంచమని అడగవచ్చు. చికోరీలో కెఫీన్ ఉండదు, చేదూ రంగూ మాత్రం నిలుస్తాయి. సాయంత్రం చేతిలో వేడి గ్లాసు లేకపోతే తోచనివాళ్లు ధనియాల కషాయమో, పలుచటి రాగిజావో పెట్టుకోవచ్చు.

కెఫీన్ దాక్కునే చోట్లు ఇంకా ఉన్నాయి: కోలా రంగు కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు, నల్ల చాక్లెట్, కొన్ని తలనొప్పి మాత్రలు. మాత్ర అట్ట వెనక పేర్లు చదవండి. భోజనమయ్యాక వక్కాకు వేసుకునేవాళ్లకు ఒక మాట: వక్క కూడా నరాలను ఉత్తేజపరుస్తుంది, పొగాకు కలిస్తే ఇంకా ఎక్కువ.

3. రాత్రి భోజనం ఏడుకు, ముద్ద చిన్నది

పడకకు 3 గంటల ముందే చెయ్యి కడగాలి. కడుపు నిండుగా ఉండగా వెల్లకిలా పడుకుంటే జీర్ణాశయంలోని పులుపు గొంతు వైపు ఎగదన్నుతుంది. ఛాతీలో మంట, పుల్లటి తేపులు, పొడిదగ్గు మొదలవుతాయి. కొందరికి మంట తెలియదు, నడిరాత్రి ఊరికే మెలకువ వస్తుంది, అంతే.

మన తిరుపతి వైపు భోజనంలో చిక్కు సంగటితో కాదు, పక్కన వచ్చేవాటితో. రాగిసంగటి మంచి తిండే. కానీ పెద్ద ముద్ద, దాని మీద నెయ్యి, కారం దండిగా పడిన నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి అన్నీ కలిస్తే కొవ్వు, కారం, పులుపు ఒకేసారి పడినట్టు. కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. కారం మంట పెంచుతుంది, ఒంటి వేడినీ కాస్త పెంచుతుంది. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కొద్దిగా దిగాలి. మే నెల తిరుపతి ఎండలకు ఇల్లంతా ఉడికిపోతున్నప్పుడు ఇది ఇంకా తెలుస్తుంది.

కోడి పులుసు మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాత్రికి మధ్యాహ్నం తినే ముద్దలో సగం, పప్పు లేదా ఆకుకూర, ఒక గ్లాసు పలుచటి మజ్జిగ చాలు. అంగడి మూసి ఇంటికి చేరేసరికే తొమ్మిదిన్నర అయ్యేవాళ్లు ఆరున్నరకు అంగట్లోనే రెండు ఇడ్లీలో, గుగ్గిళ్లో తిని, ఇంటికొచ్చాక పెరుగన్నం నాలుగు ముద్దలతో సరిపెట్టుకోవాలి. ఉత్త కడుపుతో పడుకోవడం కూడా పొరపాటే, ఆకలి మూడింటికి లేపుతుంది. పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లకు దీనికి తలకిందులుగా జరుగుతుంటుంది. ఒక్కపూట భోజనం రాత్రికి పెట్టుకుని ఆబగా తింటారు, వెంటనే పడుకుంటారు. ఆ భోజనాన్ని మధ్యాహ్నానికి పెట్టుకుని, రాత్రికి పండో పాలో తీసుకుంటే ఒక్కపొద్దూ తప్పదు, నిద్రా పోదు.

మంట తరచుగా వస్తుంటే ఎడమ వైపు తిరిగి పడుకోండి. మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 6 అంగుళాలు ఎత్తు చేయండి. రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే నడుం దగ్గర ఒళ్లు మడిచినట్టయి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది, మంట తగ్గదు.

4. నీళ్లు పగలే తాగండి

పడకకు రెండు గంటల ముందు నుంచి గుక్కెడు తప్ప తాగకండి. ఆ లోటు పగలు తీర్చుకోవాలి. నీళ్లు తగ్గించినా మూత్రానికి రెండుమూడు సార్లు లేస్తుంటే ఉప్పు చూసుకోండి. రాత్రి ఊరగాయ, అప్పడం, వడియాలు తింటే ఆ ఉప్పును బయటికి పంపడానికి కిడ్నీలు రాత్రంతా పని చేస్తాయి. రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు లోపే ఉండాలి. కాళ్ల వాపు ఉన్నా, చక్కెర జబ్బు ఉన్నా, ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాచే వయసులో ఉన్నా డాక్టరుకు చూపించాలి.

5. మందు నిద్ర మందు కాదు

తాగితే తొందరగా కునుకు పడుతుంది, నిజమే. మొదటి సగం రాత్రి కలల నిద్ర అణిగిపోతుంది. మందు ఒంట్లో కరిగాక, రెండో సగంలో మెలకువలు, చెమటలు, పీడకలలు. గొంతు కండరాలు వదులై గురక ముదురుతుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకు ఇది ప్రమాదం. నిద్రమాత్రతో కలిపితే ప్రాణమే పోవచ్చు.

6. పాలు, అరటిపండు

పాలలో నిద్రకు పనికొచ్చే ట్రిప్టోఫాన్ ఉన్నమాట నిజమే గానీ ఒక గ్లాసులో ఉండేది కొంచెమే. గోరువెచ్చటి పాలు పడితే తాగండి, కడుపు ఉబ్బరిస్తే మానండి. అరటిపండుదీ అదే లెక్క.

7. కాళ్లు లాగుతుంటే

పడుకోగానే పిక్కల్లో పురుగులు పాకినట్టుండి, కాళ్లు కదిలిస్తే తప్ప ఊరుకోకపోతే ఒంట్లో ఇనుము తక్కువై ఉండవచ్చు. ఆడవాళ్లలో, గర్భిణుల్లో ఇది ఎక్కువ. "పని ఎక్కువైంది, అందుకే" అని ఏళ్లతరబడి ఓర్చుకునేవాళ్లు ఎందరో, అది చూస్తే బాధేస్తుంది. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ తక్కువైనా కాళ్లు లాగుతాయి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, లేదా భోజనంలో ఉసిరికాయ తినండి. ఇనుము మాత్రలు డాక్టరు చెబితేనే.

8. రాత్రి డ్యూటీ వాళ్లకు

లాడ్జీల్లో, ఆస్పత్రుల్లో, ట్యాక్సీల మీద పనిచేసేవాళ్లు లెక్కను తిరగేసుకోవాలి. డ్యూటీకి వెళ్లేముందు కడుపునిండా తినండి. చివరి టీ డ్యూటీ మొదటి సగంలోనే. రాత్రి రెండు గంటలకు బిర్యానీ వద్దు, ఆకలైతే చెనిక్కాయలో, పెరుగో చాలు. పొద్దున ఇంటికొచ్చి రెండు ఇడ్లీలు తిని, కిటికీకి దుప్పటి కట్టి పడుకోండి. బండి నడిపేటప్పుడు కునుకొస్తే పక్కన ఆపి, ఒక కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలు కన్ను మూయండి. కాఫీ పని మొదలుపెట్టేది సుమారు ఆ వేళకే. కాఫీ ఒక్కటే తాగి ఘాట్ రోడ్డు ఎక్కవద్దు.

9. రెండు వారాలు రాసి పెట్టండి

చివరి కాఫీ, రాత్రి భోజనం, పడక, మెలకువలు, లేచిన వేళ: రోజుకు అయిదు గడులు. మొదటి వారం ఏదీ మార్చకండి. రెండో వారం కాఫీ వేళ ఒక్కటే మార్చండి. ఫలితం తేలాక భోజనం వేళ. అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా రాత్రి భోజనం తగ్గించకూడదు. నడిరాత్రి చెమట, వణుకుతో మెలకువ వస్తే వెంటనే చక్కెర చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా నిద్ర లేకపోతే, లేదా గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే తిండి మార్పులతో సరిపెట్టకండి. తిరుపతిలోని రుయా ఆస్పత్రికో, స్విమ్స్ ఆస్పత్రికో, మీకు దగ్గరలోని డాక్టరు దగ్గరికో వెళ్లండి. రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి.